డాక్టరమ్మ థీసిస్, మా ఆయన పిడికిలి

"తొమ్మిదమ్మా," అన్నారు మా ఆయన ఫోన్లో. "పదికి తొమ్మిది."

వంటింట్లో చపాతీ పిండి కలుపుతున్న నా చెయ్యి ఆగిపోయింది. ఆరు వారాలుగా ప్రతి బుధవారం పదకొండు గంటలకి ఆసుపత్రి నుంచి ఆ ఫోను వస్తోంది. ఆరు వారాలుగా ఆయన దాన్ని తీసుకుని బాల్కనీలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసుకుని మాట్లాడి వస్తున్నారు. చేతికి ఆపరేషనైన మనిషి, డాక్టరుతో నాలుగు మాటలు ప్రశాంతంగా చెప్పుకుంటారులే అని నేనూ పట్టించుకోలేదు. ఆ రోజు మాత్రం పక్క స్థలంలో బోరు వేస్తున్నారు. బాల్కనీలో ఒక్క ముక్క వినబడక, హాల్లోనే స్పీకరు పెట్టుకుని కూర్చున్నారు. నాకు అన్ని ముక్కలూ వినబడ్డాయి.

"వెరీ గుడ్ అంకుల్," అంది అవతలి నుంచి డాక్టర్ సుస్మిత. "నొప్పి ఎంత ఉంది?"

"నొప్పి ఎక్కడిదమ్మా? సున్నా."

"ఎక్సర్‌సైజులు గంటకోసారి చేస్తున్నారా?"

"గంటకి రెండుసార్లు చేస్తన్నానమ్మా."

ఈ మాట అనేటప్పటికి ఆయన పక్కనే మా ఆడబడుచు సబీహా ఆపా కూర్చుని, కిచిడీ ముద్ద చేసి ఆయన నోటి దగ్గర పట్టుకుని ఉన్నారు. ఫోను అయ్యేదాకా ఆ ముద్ద గాల్లోనే ఉంది.

పిండి చేతులతోనే హాల్లోకి వెళ్లి అప్పడాల కర్ర ఆయన ముందు చాపాను.

"పట్టుకోండి."

"ఏంటిది?"

"మీ తొమ్మిది. పట్టుకోండి చూద్దాం."

కుడి చెయ్యి చాపారు. వేళ్లు కర్ర చుట్టూ సగం దూరం వచ్చి, రెండంతస్తుల మధ్య ఆగిన లిఫ్టులా అక్కడే ఆగిపోయాయి. కర్ర జారి ఆపా కాలి మీద పడింది.

"హాయ్ అల్లా!" అన్నారు ఆపా. ముద్ద మాత్రం పడనివ్వలేదు.

మా ఆయన హుమాయూన్ ఆటోనగర్‌లో రేడియేటర్లు బాగుచేస్తారు. ఇరవై రెండేళ్లుగా షబ్బీర్ భాయ్‌తో కలిసి ఒకటే షెడ్డు. మొన్న నవంబరులో కంకిపాడు నుంచి ఒక వరికోత మిషను వచ్చింది. ఇంజను వేడెక్కిపోతోంది, చేలో ఇంకా కోత మిగిలి ఉంది, పైన మబ్బు పట్టింది, మిషను తెచ్చినాయన కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. చల్లారేదాకా రేడియేటరు మూత తీయకూడదని షెడ్డు గోడ మీద పెద్దక్షరాలతో రాసింది మా ఆయనే. ఆ గోడకి ఎదురుగా నిలబడి మూత తీశారు. ఎందుకండీ అంటే, "మూడుసార్లు అడిగాడు. కాదంటే ఏం బాగుంటది?" అన్నారు. అడిగినవాళ్లని కాదనలేకపోవడం ఆయన అసలు జబ్బు. కాలిన చెయ్యి దాని తర్వాతది.

మరిగిన నీళ్లూ ఆవిరీ కలిసి కుడిచేతి వెనక వైపునీ వేళ్లనీ కాల్చేశాయి. తొడ మీంచి చర్మం తీసి అక్కడ అతికారు. నలభై తొమ్మిదేళ్లు లుంగీ చాటున సుఖంగా బతికిన చర్మం, ఉన్నట్టుండి నలుగురిలోకి రావాల్సొచ్చింది. అతుకు బాగానే పట్టింది. ఇంటికి పంపించే రోజు ఫిజియోథెరపిస్టు మార్త గారు మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు. అతికిన చర్మం మానుతున్నకొద్దీ దగ్గరికి లాక్కుంటుందట. వేళ్లని వెనక్కి లాగి, అలాగే బిగుసుకుపోతుందట. అది బిగిసేలోపు రోజంతా వేళ్లు ముడుస్తూనే ఉండాలి. అన్నం ఆ చేత్తోనే కలుపుకోవాలి. చొక్కా బొత్తాలు ఆ చేత్తోనే పెట్టుకోవాలి.

"మొదటి మూడు నెలలూ వదలొద్దు మేడమ్," అన్నారావిడ. "ఇప్పుడు రాని పిడికిలి తర్వాత కత్తి పెడితేగానీ రాదు. అప్పుడైనా వస్తదని గ్యారంటీ ఇవ్వలేం."

పిడికిలి రాకపోతే టంకం పెట్టే గ్యాస్ టార్చి పట్టుకోలేరు. టార్చి లేకపోతే మా ఆయనకి వేరే పని రాదు. ఆ మాటకొస్తే వేరే సరదా కూడా లేదు. ఆదివారం ఖాళీగా ఉంటే ఫ్రిజ్ వెనక నిలబడి దాని గొట్టాలు చూస్తుంటారు. అలాంటి మనిషి ఇరవై నాలుగ్గంటలూ ఇంట్లో నా వెనక నిలబడి చూడటం మొదలెడితే ఏమవుతుందో నాకు అప్పుడే కళ్లకి కట్టింది.

ఇక డాక్టర్ సుస్మిత. ప్లాస్టిక్ సర్జరీలో పై చదువు చదువుతున్న అమ్మాయి. చెయ్యి కాలినవాళ్లు రోజూ ఆసుపత్రికి వచ్చి ఫిజియో చేయించుకుంటే మంచిదా, ఇంట్లో చేసుకుని, పిడికిలి ఎంత వస్తోందో వారానికోసారి ఫోన్లో పదికి ఇన్నని చెప్తే సరిపోతుందా అని ఆవిడ పరిశోధన. ఎవరు ఏ గుంపో ముందే కవర్లలో వేసి అంటించారు. మా కవరు విప్పితే ఇంటి గుంపు వచ్చింది. రెండు బస్సులు మారే బాధ తప్పిందని నేను సంతోషించాను కూడా. నేను మందుల దగ్గర వరసలో నిలబడి ఉంటే, ఆ అమ్మాయి పదకొండు పేజీల అంగీకారపత్రం చదివి వినిపిస్తానందట. "ఎందుకమ్మా శ్రమ, నువ్వు చెప్తే చాలదా?" అని ఈయన ఎడంచేతి వేలిముద్ర వేసేశారు.

అప్పడాల కర్ర తీసి బల్ల మీద పెట్టాను.

"ఆరు వారాల నుంచీ తొమ్మిదే చెప్తున్నారా?"

"లేదులే. మొదటివారం ఏడు చెప్పా. ఒకేసారి తొమ్మిదంటే నమ్మరు కదా."

"ఎందుకండీ? అసలెందుకు?"

గొంతు తగ్గించారు, డాక్టరమ్మ ఇంకా ఫోన్లోనే ఉన్నట్టు. "ఆ అమ్మాయికిది పరీక్ష షాహీదా. థీసిస్ అంట. మన చేతుల మీదే రాస్తంది. బాగవలేదని చెప్పామనుకో, ఫెయిలవుద్ది."

"ఎవరు చెప్పారు మీకు?"

"ఒకళ్లు చెప్పేదేంటి? పేషెంటు బాగవకపోతే డాక్టరుకి మార్కులేస్తారా ఎక్కడైనా? ఫోన్ చేసినప్పుడల్లా ముందు 'అన్నం తిన్నారా అంకుల్' అని అడుగుద్ది. అలాంటి పిల్లకి మూడు అని ఎట్టా చెప్పమంటావ్?"

"నిజమే కదా మరి," అన్నారు ఆపా. "ఆడపిల్ల చదువు. దాన్ని చెడగొడితే మనకి మంచిదా? ఇదిగో హుమ్మూ, నోరు తెరువు."

ఆపా ఉండేది మా వెనక వీధిలో. మా ఆయన కన్నా పన్నెండేళ్లు పెద్ద. చంకనేసుకుని పెంచిన తమ్ముడు. కుడిచెయ్యి పనిచెయ్యదు. ఎడంచేత్తో తినడం మా ఇళ్లలో లేదు. చెంచా చూస్తే ఆపాకి ఆసుపత్రి గుర్తొస్తుంది. అందుకని మూడు పూటలా ఆవిడే వచ్చి తినిపిస్తున్నారు. కుడిచేత్తో ముద్ద కలపడమే ఆయనకి రాసిచ్చిన వైద్యం. ఆ వైద్యమంతా మూడు పూటలా ఆపా వేళ్లు చేయించుకుంటున్నాయి. అరవయ్యొకటో ఏట ఆవిడ పిడికిలి చూస్తే ముచ్చటేస్తుంది.

వద్దని నేను చెప్పకపోలేదు. చెప్పినప్పుడల్లా "నాలుగు రోజులేలే, పచ్చి పుండు" అనేవారు. ఆ నాలుగు రోజులు అప్పటికి నలభై దాటాయి. చూడటానికి వచ్చే వాళ్లదీ అదే పాట. రావడం, యాపిల్ పండ్లు బల్ల మీద పెట్టడం, "చెయ్యి కదపకండేం" అని చెప్పి టీ తాగి వెళ్లడం. అంతమంది పెద్దల మాట కాదనడం మా ఆయన వల్ల అవుతుందా?

"మీరిద్దరూ కలిసి డాక్టరమ్మని పాస్ చేయించండి," అన్నాను. "ఈ చేతిని ఎవరు పాస్ చేయిస్తారో కూడా మీరే చూడండి. నేనిప్పుడే ఆవిడకి ఫోన్ చేసి చెప్తా."

"వద్దు. ఆ పిల్ల ముందు నా పరువు పోద్ది. ఫోన్ చెయ్యనని మాటివ్వు."

"ఫోన్ చెయ్యను," అన్నాను. చెయ్యలేదు కూడా.

ఆసుపత్రివాళ్లు ఒక వ్యాయామాల పుస్తకం ఇచ్చారు. రోజుకో పేజీ, గంటకో గడి. చేసిన గడిలో టిక్కు పెట్టాలి. దాన్ని ఆయన దిండు కింద దాచుకుంటారు. ఆ మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే మెల్లిగా లాగి చూశాను. ఎడంచేత్తో పెట్టిన వంకర టిక్కులు, ఒక్క గడీ వదలకుండా. ఆ రోజు తారీఖు జనవరి ఇరవై ఒకటి. టిక్కులు నెలాఖరు దాకా ఉన్నాయి. రాబోయే ఆదివారం ఆయన చాలా బాగా చేశారు. రిపబ్లిక్ డే నాడు ఇంకా బాగా చేశారు.

ఆ పుస్తకం మళ్లీ దిండు కింద పెట్టేసి, నేనొక నోటు పుస్తకం మొదలెట్టాను. ఆసుపత్రికి వెళ్లి చూపించుకోవాల్సిన రోజు ఇంకా పన్నెండు రోజులుంది. ఆ పన్నెండు రోజులూ నాకు కనబడింది కనబడినట్టు రాశాను.

"ఉదయం ఎనిమిది: ముడవాల్సింది పదిసార్లు. ముడిచింది మూడు. నాలుగోసారికి పేపరొచ్చింది."

"తొమ్మిది: ఉప్మా. ఆపా తినిపించారు. చెయ్యి దిండు మీద విశ్రాంతి."

"పదకొండు: షబ్బీర్ భాయ్ వచ్చి, చెయ్యి కదిలించకు భాయ్ అన్నారు. ఈయన షబ్బీర్ భాయ్ మాట జవదాటరు."

"సాయంత్రం నాలుగు: నేను తిట్టాను. పదిసార్లు ముడిచారు. మధ్యవేలి కొసకీ అరచేతికీ నడుమ నిమ్మకాయ ఆగుతోంది. పెద్దకాయ."

కొలవడానికి నా దగ్గర నిమ్మకాయ తప్ప ఏమీ లేదు. రోజూ సాయంత్రం అదే కాయతో కొలిచాను. పన్నెండు రోజుల్లో నిమ్మకాయ కాస్త ఎండి చిన్నదైంది గానీ, ఆ నడుమ జాగా చిన్నది కాలేదు. నన్ను చూస్తే ఆయన చెయ్యి లుంగీ మడతల్లో దాచుకోవడం మొదలెట్టారు. తిట్టీ తిట్టీ నా గొంతు బొంగురుపోయింది. వేలు ముడుస్తుంటే ఆయనకి కళ్లమ్మట నీళ్లు వస్తున్నాయని తెలుసు. తెలిసీ తిట్టడం నాకు మాత్రం సరదానా?

ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు బెంజ్ సర్కిల్ దగ్గర బస్సెక్కాం. ఆయన సంచిలో ఆయన పుస్తకం, నా సంచిలో నా పుస్తకం.

వరండాలో బెంచీలన్నీ నిండి ఉన్నాయి. చేతులకి బిగుతు గ్లవ్వులు వేసుకున్నవాళ్లే అందరూ. మా పక్కన జక్కయ్య అనే రైతు కూర్చున్నాడు. కంకిపాడు అవతల వాళ్ల ఊరు. మోటారు స్టార్టరులో మంట లేచి చెయ్యి కాలిందట. ఇంటి గుంపే.

"తమరెంత చెప్తన్నారండీ ఫోన్లో?" అని మా ఆయన్ని అడిగాడు.

"తొమ్మిది. మీరు?"

"నేను పదేనండీ. చదువుకునే పిల్ల. చెప్తే మన సొమ్మేం పోద్ది?" అంటూ చెయ్యెత్తి చూపించాడు. బొటనవేలు పక్క వేలిని అంటుకుని, కదలనని కూర్చుంది. "ఇది రావట్లేదనుకోండి. అది వేరే సంగతి."

ముందు బెంచీ మీదావిడ వెనక్కి తిరిగింది. గారెలు వేస్తుంటే నూనె మీద పడిందట. "నేను ఎనిమిదిన్నర చెప్తానండీ. పదంటే మరీ గొప్పకి పోయినట్టుంటది," అంది.

కృష్ణా జిల్లా మర్యాదంతా ఆ వరండాలో గ్లవ్వులు తొడుక్కుని కూర్చుంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంతలో డాక్టర్ సుస్మిత వచ్చింది. సన్నగా ఉంది, కళ్లజోడు, మెళ్లో స్టెత్. ఫోన్లో గొంతు కన్నా మనిషి చిన్నగా కనబడింది. "అంకుల్! ఇంటి గుంపులో మీరే ఫస్ట్. రండి, కొలుద్దాం," అంది. మా ఆయన సిగ్గుపడ్డారు. నిజంగానే సిగ్గుపడ్డారు, బహుమతి ఇచ్చినట్టు.

లోపల మార్త గారు గ్లవ్వు తీయించి, ఒక్కో వేలి కణుపు మీద కోణాలు కొలిచే ప్లాస్టిక్ బద్ద పెట్టారు. "ముడవండి సార్."

ముడిచారు. ఆశ్చర్యంగా వేళ్లు చాలా దూరం వచ్చాయి. నేనే ఒక్క క్షణం ఆశపడ్డాను. మార్త గారు మాత్రం వంగి బల్ల కిందికి చూశారు.

"ఎడంచెయ్యి తియ్యండి సార్."

"ఊరికే ఆనించానమ్మా."

"ఆనించింది తియ్యండి."

ఎడంచెయ్యి తీయగానే వేళ్లన్నీ స్ప్రింగు తలుపులా వెనక్కి వచ్చేశాయి. మార్త గారు కొలతలు చదువుతుంటే సుస్మిత రాసుకుంటోంది. చూపుడువేలు నలభై. మధ్యవేలు ముప్ఫై అయిదు. ఉంగరపువేలు ముప్ఫై. చిటికెనవేలు పది. మామూలు చేతికి తొంభై దాకా రావాలట. పది దగ్గర సుస్మిత పెన్ను ఆగింది.

"అంకుల్, మొన్న బుధవారం కూడా తొమ్మిదన్నారు కదా?"

"ఇవాళ చలికి బిగుసుకున్నయ్యమ్మా," అన్నారు మా ఆయన. కిటికీలోంచి వస్తున్న ఎండకి మా అందరి మొహాలూ చెమటలు కారుతున్నాయి.

నా పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. ఫోన్ చెయ్యనన్నాను గానీ, చదివించనని మాటివ్వలేదు.

సుస్మిత నిలబడే చదివింది. మార్త గారు ఆమె భుజం మీంచి చదివారు. షబ్బీర్ భాయ్ దగ్గరికి వచ్చేసరికి మార్త గారికి నవ్వు ఆగలేదు. "నిమ్మకాయంటే నాలుగు సెంటీమీటర్లు. సరిగ్గానే కొలిచారు మేడమ్," అన్నారు. సుస్మిత నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అంకుల్, రెండు వారాలు వరసగా నాలుగు కన్నా తక్కువ చెప్తే, మిమ్మల్ని ఇంటి గుంపులోంచి తీసేసి రోజూ ఫిజియోకి పిలవాలి. అది మా రూలు. ఫోన్ చేసేది అందుకే. మీరు నిజం చెప్పి ఉంటే డిసెంబర్లోనే పిలిచేదాన్ని."

మా ఆయన తన చేతికేసి చూసుకున్నారు. "నువ్వు ఫెయిలవుతావేమోనని..."

"నేనా? ఎందుకు?"

"మేం బాగవకపోతే."

ఆ అమ్మాయి కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. "మీరు బాగవకపోయినా నేను పాసే అంకుల్. ఇంట్లో చేసుకుంటే సరిపోదు అని రాస్తాను, అంతే. అదీ పనికొచ్చే మాటే కదా. మీరందరూ తొమ్మిది, పది అని చెప్తే నేను నమ్మేసి, ఇంట్లో చేసుకుంటే చాలని రాసేదాన్ని. ఇక ముందు వచ్చేవాళ్లందర్నీ ఇలాగే ఇంటికి పంపించేసేవాళ్లం."

"మరా ముక్క ముందే చెప్పొచ్చు కదమ్మా," అన్నారు మా ఆయన, నిష్ఠూరంగా.

"పదకొండు పేజీల్లో రాసిచ్చాను అంకుల్. చదువుతానంటే మీరే వద్దన్నారు."

నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి ఆ అమ్మాయి నన్నడిగింది, చిన్న గొంతుతో: "ఇంకెంతమంది ఇలా చెప్తున్నారు ఆంటీ?"

"బయట బెంచీ మీదే ఉన్నారు, అడగండి. కాకపోతే ముందు 'అన్నం తిన్నారా' అని మాత్రం అడక్కండి. అలా అడిగితే పది చెప్తారు."

వాళ్ల పెద్ద డాక్టరు గారు వచ్చి వేళ్లు ఒక్కొక్కటీ వంచి చూశారు. ఆయనకి మాటలు తక్కువ. మూడు వారాలు రోజూ రావాలి. అప్పటికీ కదలకపోతే బిగిసిన చర్మం కోసి, రెండో తొడ నుంచి కొత్తది తీసి వెయ్యాలి. అప్పుడు లెక్క మళ్లీ మొదటికొస్తుంది, ఈసారి ఇంతకన్నా కష్టం. అంతే చెప్పి వెళ్లిపోయారు. మా ఆయన రెండో తొడ మీద చెయ్యి వేసుకుని అలాగే కూర్చుండిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం ఆపా గిన్నె పట్టుకుని వచ్చారు. నేను కంచం ఆయన ముందు పెట్టి, గిన్నె ఆపా చేతిలోంచి తీసుకున్నాను.

"ఈ మూడు వారాలూ మీరు తినిపించకండి ఆపా."

"ఏం? నేను పెంచినవాడికి నేను ముద్ద పెట్టకూడదా?"

"పెట్టకూడదు."

"వాడు ఆకలితో ఉంటే చూస్తా కూర్చోనా?"

"కూర్చోండి. లేకపోతే ముద్దలు లెక్కపెట్టండి. అదీ ఉపయోగమే."

ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఆపాతో నేనలా మాట్లాడింది అదే మొదలు. ఆవిడ మొహం ఎర్రబడింది. మా ఆయన నావైపు చూళ్లేదు, ఆపా వైపూ చూళ్లేదు. బిస్మిల్లా అనుకుని పప్పన్నంలో చెయ్యి పెట్టారు. వేళ్లు దగ్గరికి రావు. మెతుకులు వేళ్ల సందుల్లోంచి జారిపోతున్నాయి. అతికష్టం మీద ఒక ముద్ద పైకి లేచింది గానీ, నోటిదాకా రాకముందే సగం లుంగీ మీద పడింది. మళ్లీ కలిపారు. మళ్లీ పడింది. ఆటోనగర్ మొత్తానికి లీకులు ఆపే మనిషి చేతిలో అన్నం నిలవడం లేదు. అరగంటకి కంచంలో అన్నం చల్లారింది. లోపలికి పోయింది అయిదారు ముద్దలు ఉంటుందేమో. ఆయన కళ్లలో నీళ్లు నిండాయి. కుడిచేతికి అన్నం, ఎడంచేతిలో కంచం, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

ఆపా లేచి వంటింట్లోకి వెళ్లారు. నేను వెనకే వెళ్లాను. కొళాయి తిప్పి, చేతులు కడక్కుండా ఊరికే నిలబడి ఉన్నారు.

"మూడేళ్లప్పుడూ ఇంతే," అన్నారు. "సగం కింద పోసేవాడు. నేర్పించమని అమ్మ చెప్పింది. ఎవరు నేర్పిస్తారని నేనే తినిపించేసేదాన్ని. అప్పుడే నాలుగు తగిలించాల్సింది."

కొళాయి కట్టేసి హాల్లోకి వెళ్లి, ఆయనకి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. "ఊఁ, ఏడోది. కానీ," అన్నారు.

ఆ రోజు నుంచి నా మీది భారం తగ్గింది. ఆపా తిట్ల ముందు నా తిట్లు ఏపాటి? ఆవిడ వచ్చేటప్పుడు తొక్క తీయని వేరుశనక్కాయలు తెచ్చి ఆయన ముందు పోసేవారు. అవన్నీ ఆ చేత్తో ఒలిచేదాకా లేవనిచ్చేవారు కాదు. పరామర్శకి వచ్చినవాళ్లు "చెయ్యి కదపకండి" అంటే, "నీకు టీ లేదు పో" అనేవారు. షబ్బీర్ భాయ్‌కి రెండుసార్లు టీ దొరకలేదు.

పొద్దున్నే ఆసుపత్రి. మార్త గారు వేడి మైనంలో చెయ్యి ముంచి, మెత్తబడ్డాక ఒక్కో వేలూ పట్టి వంచేవారు. ఆయన కేకలు వరండాలోకి వినబడేవి. ఆ వరండాలోనే జక్కయ్య తన వంతు కోసం కూర్చుని, కేక వినబడినప్పుడల్లా తన బొటనవేలు తనే వంచుకుంటూ ఉండేవాడు. డాక్టర్ సుస్మిత ఇంటి గుంపులో అందర్నీ పిలిపించి కొలిచిందట. ఇరవై ఆరుమందిలో పదిహేడుమంది మర్యాదస్తులు తేలారు. అందర్నీ రోజూ రమ్మంది. ఆ అమ్మాయి థీసిస్ సగం మళ్లీ రాసుకోవాలి. ఆ మాట విన్నరోజు మా ఆయన మళ్లీ జాలిపడబోయారు. నేను చూసిన చూపుకి ఆగారు.

మూడు వారాలకి కొలిచారు. చూపుడువేలు డెబ్భై. మధ్యవేలు అరవై అయిదు. ఉంగరపువేలు యాభై అయిదు. చిటికెనవేలు మాత్రం ఇరవై దగ్గరే మొండికేసింది. పెద్ద డాక్టరు గారు తిప్పి తిప్పి చూసి, ఆపరేషన్ ఇప్పుడు అక్కర్లేదన్నారు. చిటికెనవేలు ఇక అంతే కావచ్చు, మిగతా మూడూ ఇంకా వస్తాయి, ఆపొద్దన్నారు.

"అయితే టార్చి పట్టుకోగలనా సార్?" అని అడిగారు మా ఆయన.

"పట్టుకుని చూడండి. నేను చెప్తే ఏం తెలుస్తుంది?" అన్నారు పెద్ద డాక్టరు.

ఏప్రిల్లో ఎండలు ముదిరాయి. ఊళ్లో ఉన్న ఇంజన్లన్నీ వేడెక్కడం మొదలెట్టాయి. షెడ్డు బయట లారీలు వరసకట్టాయని షబ్బీర్ భాయ్ రోజూ చెప్పి వెళ్తుంటే, ఒకరోజు ఈయన పొద్దున్నే చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. బొత్తాలు ఆయనే పెట్టుకున్నారు. పైది కిందికి, కిందిది పైకి పోయినా అన్నీ పెట్టుకున్నారు. వద్దనలేదు. మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని నేనే షెడ్డుకి వెళ్లాను. అన్నం వంకే, చూడాలని ఉంది.

ఒక ట్రాక్టరు రేడియేటరు బల్ల మీద పడుకోబెట్టి ఉంది. మా ఆయన ఎడంచేతిలో టంకం తీగ, కుడిచేతిలో వెలుగుతున్న టార్చి. మూడు వేళ్లు దాని మెడ చుట్టూ బిగిసి ఉన్నాయి. చిటికెనవేలు ఒక్కటే, పెళ్లిలో టీ కప్పు పట్టుకున్న పెద్దమనుషుల వేలిలా, పక్కకి నిలబడి ఉంది. మాటిమాటికీ టార్చి కింద పెట్టి, వేళ్లు చాపి, ముడిచి, మళ్లీ పట్టుకుంటున్నారు. పావుగంట పనికి గంట పట్టింది. షబ్బీర్ భాయ్ తన పని వదిలేసి గోడకానుకుని చూస్తున్నారు.

అయ్యాక దాన్ని నీళ్ల తొట్టిలో ముంచి గాలి కొట్టారు. అతికిన చోటే రెండు వైపుల నుంచి సన్నగా బుడగలు లేచాయి.

"సూపర్ భాయ్," అన్నారు షబ్బీర్ భాయ్. "ఇన్నాళ్ల తర్వాత పట్టుకున్నా చెయ్యి పోలేదు. బాగా వచ్చింది."

మా ఆయన తలెత్తి చూశారు. అంత కోపంగా ఆయన ఎవరినైనా చూడటం నేనెరగను.

"ఏం బాగా వచ్చింది? కళ్లు కనబడట్లా? రెండు చోట్ల కారతంటే!"

"ఆ మాత్రం ఏం కాదులే భాయ్, నేను చూసుకుంటా..."

"నువ్వేం చూసుకోవద్దు. అవతలికి జరుగు, వెలుతురు అడ్డం."

షబ్బీర్ భాయ్ జరిగారు. మా ఆయన రేడియేటరు ఎత్తి, నీళ్లు వంపి, పాత గుడ్డతో తుడిచారు. వేళ్లు నాలుగుసార్లు ముడిచి చాపారు. నేను క్యారియరు మూత మళ్లీ బిగించి స్టూలు మీద కూర్చున్నాను. రెండోసారి ముంచితే ఒక వైపే బుడగలొచ్చాయి.

"ఇంకొకటుంది," అన్నారు ఎవరితోనూ కాకుండా, టార్చి మళ్లీ వెలిగిస్తూ.